బెజ్జంలోని నునుపు

"బెజ్జం లోపల ఎవరు చూడొచ్చారయ్యా?" అని చందసిరి గురువుగారిని అడిగేసింది. అడగక ఏం చేస్తుంది? కృష్ణ సముద్రంలో కలిసే చోట యవనుల ఓడ బయలుదేరడానికి సిద్ధంగా ఉంది. ఆమె మొదటిసారి సొంతంగా చేసిన ఎర్రరాతి పూసల దండ ఆ ఓడ ఎక్కాలి. పైన అద్దంలా మెరుగు పెట్టింది. కానీ ఆమె గురువు నాగబుద్ధి ఆచార్యుల పనిసాలలో తరతరాల పట్టింపు ఒకటుంది. పూసకు బెజ్జం వేశాక రాతిపొడి అద్దిన దారాన్ని అందులో లాగి లాగి లోపల కూడా నునుపు చెయ్యాలి. మరే పనిసాలలోనూ ఈ చాదస్తం లేదు. తొందరలో చందసిరి దానికి ఎగనామం పెట్టింది.

"వీటిమీద మన పేరుండదు, ఊరుండదు. సముద్రం దాటాక ఇవి మనవని చెప్పేదెవరు?"

అడిగిన వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆచార్యులకు లేదు.

అంతలో ఓడ వర్తకుడే దండ కోసం వచ్చాడు. మన మాటలు నాలుగు నేర్చినవాడు. అతని మెడలో ఒక పాత ఎర్రపూస, నిలువునా చీలితే వెండితీగతో కట్టినది, వేలాడుతోంది. దాన్ని చూపి గొప్పలు పోయాడు. "మా ముత్తవ్వది. మా దేశపు పనితనం. మీకింత చేతనవుతుందా?"

చందసిరి దాన్ని అడిగి తీసుకుని తీగ విప్పితే పూస రెండు చెక్కలైంది. బెజ్జం ఈ కొస నుంచి ఆ కొసదాకా నున్నగా మెరుస్తోంది. ఆమె గుండె ఉప్పొంగింది.

"ఇది మాదే! కావాలంటే ఒకటి పగలగొట్టి చూపిస్తా!"

సుత్తి అందుకుని తన దండవైపు చెయ్యి చాచింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది. సిగ్గుతో ముఖం కందిపోయింది.

ఆచార్యులు తాను చేసిన పూస ఒకటి ఆమెవైపు దొర్లించారు. ఆమె దాన్ని ఒక్క దెబ్బకు చీల్చి, పాతదాని పక్కన పెట్టింది. రెండూ ఒకే చేతి పనిలా ఉన్నాయి. వర్తకుడు అటూ ఇటూ తిప్పి చూసి, "మా ముత్తవ్వ ఇంత దూరపు సొమ్ము పెట్టుకుందా!" అని తలవంచాడు. పనిసాలలో అందరి తలలూ పైకి లేచాయి. గర్వంతో చందసిరికి కళ్లు చెమర్చాయి.

ఆ తరవాత ఆమె తన దండ విప్పి, పూసలు ఒడిలో పోసుకుని, దారానికి రాతిపొడి అద్దింది.

"ఓడ వెళ్లిపోతుందేమోనమ్మా," అన్నారు ఆచార్యులు.

"పోనివ్వండయ్యా."

ఆయన పాత పూసను వెండితీగతో మళ్లీ జాగ్రత్తగా కట్టి వర్తకుడి చేతిలో పెట్టారు.

"ఇది చేసినవాడికి నువ్వెవరో తెలియదమ్మా," అన్నారు చందసిరివైపు తిరిగి. "అయినా నీకోసం లోపల నునుపు చేసి పంపాడు."