చిల్లుపడ్డ గుడ్లు

పిల్లలూ, నిన్న ఊరేగింపు వెంట నడుస్తూ జిలానీ తాత టైలరు కొట్టు ముందు మీరూ ఏదో అరిచారట. ఆ అరిచినదానికి అర్థమేమిటో ఒక్కరు చెప్పండి?

అందరూ అరుస్తుంటే అరిచారా? సరే, కూర్చోండి.

ఒక దొడ్లో కోళ్ళూ బాతులూ కలిసి ఉండేవి. కోళ్ళు చాలా, బాతులు కొన్నే. బాతులు కుదురుగా పొదగవు కదా, అందుకని వాటి గుడ్లనూ పెట్టల కిందే పెట్టేవారు. అంటే అవీ ఆ గూట్లో, ఆ రెక్కల కింద కళ్ళు తెరిచినవే. ముసలి బాతునైతే కోడిపిల్లలు కూడా "పెద్దమ్మా" అనేవి.

ఆ ఏడు మేతలో సున్నం తగ్గింది. సున్నం చాలకపోతే పెట్టలు తమ గుడ్లనే పొడుచుకు తింటాయి, గుర్తుపెట్టుకోండి. రోజూ పొద్దున్నే గూట్లో చిల్లుపడ్డ గుడ్లు కనిపించేవి.

కంచె అవతల, కుంటగట్టు మీద ఉండే నక్క ఇది చూసి పుంజును పిలిచింది.

"అల్లుడూ, గుడ్లు తినేదెవరో ఇంకా తెలియలేదా? నీళ్ళలో ఈదేవాళ్ళకి నీ గూటి మీద ప్రేమెందుకుంటుంది? వాళ్ళ చోటు కుంట. పంపించెయ్యి."

"పుట్టింది ఇక్కడేగా మామా."

"పుడితే మాత్రం? ఆ నడక చూడు, ఆ కూత విను. మనలా ఉందా?"

'మనలా' అన్నది ఎవరు? నక్క! పుంజుకు ఆ ముక్క పట్టలేదు. పొద్దెక్కకముందే దొడ్డంతా ఒకటే కేక: "గుడ్డుదొంగలు! కుంటకు పొండి!"

ముసలి బాతు ముందుకొచ్చింది. "నాయనా, ఆ చిల్లు చూడు, మేకు దిగినట్టుంది. నా ముక్కు చూడు, గరిటెలా ఉంది. దీంతో అలా పొడవగలనా?"

ఒకటి రెండు కోళ్ళు మెడ చాచి ఆ చిల్లు వైపు చూశాయి.

"అయితే ఎవరిచేతో పొడిపించావు!" అంది ఓ పెట్ట.

"నల్లమ్మా, నా పిల్లల్ని పొదిగినదానివి. నువ్వైనా చెప్పవే," అని బాతు నల్లపెట్టను బతిమాలింది.

నల్లపెట్టకు తెలుసు. ఆ ఉదయమే పక్క పెట్ట ముక్కుకి పచ్చసొన అంటుకుని ఉండటం చూసింది. అయినా తల దించుకుని నేల గీరుతూ ఉండిపోయింది.

మొదటి పోటు పుంజుది. తర్వాత ఎవరెవరు పొడిచారో ఎవరూ చెప్పలేరు. ముసలి బాతు అక్కడే పోయింది. మిగిలినవాటిని కంచె కింద నుంచి కుంటవైపు తరిమారు. గట్టు మీద నక్క కాచుకుని ఉంది. ఒక్క బాతూ నీళ్ళదాకా చేరలేదు.

మర్నాడు గూట్లో మళ్ళీ చిల్లుపడ్డ గుడ్లే.

"మామా! బాతులు పోయాయిగా, మరి ఇదేమిటి?" పుంజు కంచె దగ్గరికి పరిగెత్తుకెళ్ళి అడిగింది.

నక్క మూతి తుడుచుకుంది. "వాటిని పొదిగి పెంచిందెవరు అల్లుడూ?"

దొడ్లో ముక్కులన్నీ నల్లపెట్ట వైపు తిరిగాయి.

అంతే కథ. నీతి రాసుకోండి: తెలిసిన నిజాన్ని మింగినవాళ్ళూ పొడిచినవాళ్ళ లెక్కే.

ఇక లేస్తాను. చింతపండు ఇంకా సగం ఒలవాలి.