అనుభవం లేని అన్నం

“మా పాకవిద్యాలయంలో మూడేళ్ళు వంట నేర్చుకున్న ప్రతివారికీ మా వంటశాలల్లో కొలువు ఇస్తాము. ఇది ఉద్దండవర్మ మాట.”

ఒకానొక రాజ్యంలో కోటగుమ్మం పక్కన రాతి మీద ఈ మాటలు ఉండేవి. చెక్కించింది ఉద్దండవర్మ మహారాజే. ఆ ఏడే విద్యాలయం తెరిచారు. మూడేళ్ళు తిరిగేసరికి నలభైమంది చదువు ముగించి కొలువు అడగడానికి వచ్చారు.

వంటశాలల అధికారి చండభట్టు వాళ్ళని ఎగాదిగా చూశాడు.

“ఇదివరకు ఏ కోటలోనైనా వంట చేశారా?”

“లేదండీ. చదువు ఇప్పుడేగా అయింది,” అంది అక్కమ. ఆ నలభైమందిలో చెయ్యి బాగా తిరిగిన పిల్ల.

“అయితే అయిదేళ్ళు ఎక్కడైనా పనిచేసి, చేసినట్టు పత్రం మీద ముద్ర వేయించుకుని రండి. అనుభవం లేనివాళ్ళకి ఇక్కడ చోటు లేదు.”

“ఎక్కడికి వెళ్ళినా ఇదే మాట అంటారండీ. మరి మొదటి అనుభవం ఎవరిస్తారు?”

“అది నా పని కాదమ్మా.”

పిల్లలు కోటగుమ్మం ముందు బైఠాయించారు. “పని మా హక్కు, భిక్ష కాదు!” అని కేకలు వేశారు. రాజు కిటికీలు మూయించాడు. అక్కమకి మాత్రం ఎక్కువ రోజులు కూర్చునే వీలు లేదు. మర్నాడు మేనమామ బండి కట్టుకుని వస్తున్నాడు. కొలువు దొరక్కపోతే ఊరికి పోయి గేదెల్ని కాయాల్సిందే, ఇక గరిటె మాట ఎత్తకూడదని ముందే చెప్పాడు.

ఇదంతా దోనయ్య చూస్తున్నాడు. రాజుగారి భోజనం ముందుగా రుచి చూడడం ఆయన ఉద్యోగం. దోనయ్య తల ఊపితే తప్ప ఏ వంటకమూ రాజుగారి విస్తట్లో పడకూడదు. అది తాతల నాటి కట్టుబాటు, రాజైనా తప్పడానికి లేదు.

మర్నాడు పొద్దున్నే ఆయన కొలువులో అడిగాడు. “ప్రభూ, అనుభవం ఉండాలన్న నియమం తమదా, భట్టుగారిదా?”

“మాదే!” అన్నాడు రాజు మీసం దువ్వుతూ. “అనుభవం లేనిది మా దరికి రాకూడదు. మనిషైనా సరే, మరేదైనా సరే.”

దోనయ్య దణ్ణం పెట్టి, అటునుంచి అటే అక్కమని పెరటి దారిన వంటశాలలోకి తీసుకుపోయాడు. చండభట్టు కంటపడతామన్న భయం లేదు. ఆయన పొయ్యి దగ్గరికి వచ్చి పన్నెండేళ్ళయింది. వసారాలో తాంబూలం నములుతూ, బయటికి వచ్చిన గిన్నెల మూతల మీద లక్క ముద్ర వేయడమే ఆయన పని.

మధ్యాహ్నం రాజు పీట మీద కూర్చున్నాడు. మూతలు తీశారు. ఘుమఘుమలు లేచాయి. దోనయ్య అన్నీ తలా కాస్త రుచి చూశాడు. తల మాత్రం ఊపలేదు.

“ఏమయ్యా, విషమా?”

“అబ్బే, కమ్మగా ఉన్నాయి ప్రభూ. కానీ వడ్డించడానికి వీల్లేదు. ఈ అన్నం ఇంతవరకు ఒక్కడి ఆకలి కూడా తీర్చి ఎరగదు. పప్పుదీ అదే కథ. గారెలంటారా, ఇప్పుడే నూనెలోంచి లేచిన పసికందులు.”

“అనుభవం ఉన్న అన్నమే తెప్పించు!”

“అదే కష్టం ప్రభూ. అనుభవం సంపాదించిన అన్నం ఏదీ మళ్ళీ విస్తట్లోకి రాలేదు.”

సభాసదులు ఉత్తరీయాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. రాజుగారి కడుపు అందరికీ వినిపించేలా మూలిగింది.

“తినకుండానే అది ఆకలి తీరుస్తుందో లేదో ఎలా తెలుస్తుందయ్యా? ముందు వడ్డించు!” అని అరిచాడు. అరిచాక ఆగిపోయాడు. తన మాట తనకే వినిపించింది.

దోనయ్య తల ఊపాడు.

రాజు మూడుసార్లు పప్పు వేయించుకున్నాడు. “భట్టూ, ఈ పప్పు అమోఘం!”

“ముప్పై ఏళ్ళ అనుభవం ప్రభూ,” అన్నాడు చండభట్టు పొంగిపోయి.

“చింతపండు ఎంత వేయించారు భట్టుగారూ?” అని అడిగాడు దోనయ్య.

“నిమ్మకాయంత. పాత చింతపండు. ఆ పులుపే వేరు.”

దోనయ్య అక్కమని లోపలికి పిలిచాడు. ఆమె చేతులు ఇంకా తడిగానే ఉన్నాయి.

“చింతపండు బూజు పట్టిందండీ,” అంది. “పెరట్లో వాక్కాయలు కనిపిస్తే కోసి, గింజలు తీసి పప్పులో వేశాను.”

రాజు చండభట్టుని చూశాడు, ఖాళీ గిన్నెని చూశాడు, కిరీటం పక్కకి జారేలా నవ్వాడు. అక్కమకి ఆ క్షణమే కొలువు ఇచ్చాడు. చేతి కంకణం తీసి దోనయ్యకి అందించాడు.

“తక్కిన ముప్పైతొమ్మిది మంది సంగతేమిటి ప్రభూ?” అని అడిగాడు దోనయ్య.

“వాళ్ళకీ పని వచ్చని మాకెలా తెలుస్తుంది?”

“పెద్ద వంటవాళ్ళ పక్కన నెలరోజులు పొయ్యి దగ్గర నిలబెట్టండి. నెల నిండాక ఒక్కొక్కరూ ఒక పంక్తికి సొంతంగా వండాలి. తిన్నవాళ్ళు ఎలా ఉందో తాటాకు మీద రాసివ్వాలి. ఏ కోటకి వెళ్ళినా ఆ ఆకు చూపించుకుంటారు.”

“భేష్! ఆలోచించి చెబుతాం.”

దోనయ్య కంకణం తొడుక్కోలేదు. తెచ్చి విస్తరి పక్కన పెట్టాడు.

“ఇది జవాబుతో కలిపి తీసుకుంటాను ప్రభూ. ఇవాళ ఆషాఢ బహుళ విదియ. శ్రావణ శుద్ధ పంచమి నాడు, పొద్దు గుంకేలోగా చెప్పండి.”