పుణుగుల కొట్టుకు పెద్ద టీవీ

ఉడుత గవర్రాజు దగ్గర మొదట ఉన్నవి నలభై కుంచాల వేరుశనగకాయలు. ఆ లంకతోటలో రూపాయి చెల్లదు, వేరుశనగకాయే చెల్లుతుంది. నాలుగు వందల రోజులు పుణుగులు వేసి, టీ కాచి, పది రోజులకు ఒక కుంచం చొప్పున పక్కన పెట్టగా పోగైనవి అవి.

తోట అంచున పాడుపడిన మోటారు కొట్టు ఒకటుంది. అందులోనే గవర్రాజు వ్యాపారం. మొత్తం ఇరవై ఆరుమంది కూర్చునే చోటు. నిన్నమొన్నటి దాకా సాయంత్రం అయిదయ్యేసరికి చోటు దొరక్క కోళ్ళు కిటికీ ఎక్కి తినేవి. ఈమధ్య కాలవ అవతలి గట్టున కోతి తన టీ కొట్టులో గోడకు టీవీ తగిలించాడు. అంతే, ఇరవై ఆరు కాస్తా తొమ్మిదికి దిగింది.

పైగా వచ్చే సోమవారం నుంచి పది రోజులు తోటల కబడ్డీ పోటీలు. పది రోజులు అవతలి గట్టుకు అలవాటు పడ్డ కాళ్ళు మళ్ళీ ఇటు తిరగవు. ఆ సంగతి గవర్రాజుకు లెక్క వేయకుండానే తెలుసు. పొయ్యి ఆర్పుకోవడమో, గోడకు టీవీ పెట్టడమో, రెండే దారులు.

గురువారం పొద్దున్నే టేపు తీసుకుని గోడ కొలిచాడు. రెండు కిటికీల మధ్య అరవై అంగుళాలు. మూడుసార్లు కొలిచినా అరవయ్యే. టీవీ సైజు మూల నుంచి మూలకు చెబుతారు కాబట్టి, అరవై అయిదు అంగుళాల సెట్టు అడ్డంగా యాభై ఏడు వస్తుంది. ఇంకా మూడు అంగుళాలు మిగులు. "గోడ నాకోసమే కట్టారు" అనుకుంటూ నక్క శేషగిరి దుకాణానికి పరుగెత్తాడు.

శేషగిరి మర్యాదస్తుడు. గవర్రాజు ఇంకా గడప దాటకుండానే, "రండి గవర్రాజు గారూ. మీ పుణుగుల వాసన నా దుకాణం దాకా వస్తోంది. కూర్చోండి" అంటూ మెత్తటి కుర్చీ చూపించాడు. దుకాణం మొత్తానికి కుర్చీ అదొక్కటే. అటూ ఇటూ నిలువెత్తున అట్టపెట్టెలు. ఎదురుగా, గోడ నిండా అరవై అయిదు అంగుళాల తెర. తెర మీద ఎర్రజట్టు కూత పెడుతోంది. ఆ ఎరుపు చూసి గవర్రాజు తోక దానంతట అదే లేచి నిలబడింది.

"ఎంత అన్నా?"

"మిగతావాళ్ళకు నలభై ఎనిమిది కుంచాలు. మీరు కష్టపడి పైకొస్తున్న కుర్రాళ్ళు. నలభైకి ఇచ్చేస్తాను."

"తగిలించే ఇనపచట్రం రెండు కుంచాలవుతుంది. ముప్పై ఎనిమిది చేసుకో."

"ప్రాణం తీస్తున్నావు తమ్ముడూ. సరే, ముప్పై ఎనిమిది."

"ఆ మూల ఇంకోటి ఉందేం?"

"అదా, యాభై అయిదు. ముప్పై కుంచాలు. అది ముసలాళ్ళ సెట్టులే. నీ వయసుకు అదేం బావుంటుంది? కోతి చూస్తే నవ్వుతాడు." శేషగిరి టీ గ్లాసు పట్టుకొచ్చి పక్కన నిలబడ్డాడు. "ఈ రేటు ఇవాళ పొద్దుగూకే దాకానే. ఆలస్యం అమృతం విషం."

గవర్రాజు టీ అందుకోవడానికి కుర్చీ దిగి పక్కకు వెళ్ళాడు. ఆ ఒక్క క్షణం తెర మీద ఎరుపు కాస్త వెలిసినట్టు అనిపించింది. కళ్ళు అలసిపోయాయి కాబోలు అనుకుని మళ్ళీ కుర్చీ ఎక్కాడు. ఎరుపు ఎరుపుగానే ఉంది. అయిదు కుంచాలు అడ్వాన్సు ఇచ్చేశాడు. శేషగిరి చీటీ రాసిచ్చాడు. చీటీ కింద చిన్న అక్షరాల్లో, 'అడ్వాన్సు తిరిగి ఇవ్వబడదు.'

కొట్టుకు తిరిగొచ్చి, బొగ్గుముక్కతో గోడ మీద యాభై ఏడుకు ముప్పై రెండు పెట్టె గీసి, దూరంగా జరిగి మురిసిపోతున్నాడు. అప్పుడే ఎద్దు కోటిలింగం వచ్చాడు. రేపు బండి మీద టీవీ తేవలసినవాడు ఆయనే. ఎప్పటిలాగే గుమ్మం పక్కన, ఎడమ వరుస చివర చతికిలబడ్డాడు.

"మావయ్యా, ఎలా ఉంది?"

కోటిలింగం ఏది అడిగినా ముందు నెమరు వేస్తాడు. తర్వాత ఆలోచిస్తాడు. ఆ తర్వాత, ఇష్టమైతే, మాట్లాడతాడు.

"దుకాణంలో నువ్వెక్కడ కూర్చుని చూశావురా?"

"కుర్చీలో. సరిగ్గా ఎదురుగా."

"ఇక్కడ సరిగ్గా ఎదురుగా ఎవరు కూర్చుంటారు?"

గవర్రాజు గోడ వంక చూశాడు. గోడ ఎదురుగా, కొట్టు నట్టనడుమ, పొయ్యి ఉంది. పొయ్యి మీద నూనె మూకుడు ఉంది. ఎడమ వరుస పన్నెండుమంది, కుడి వరుస పద్నాలుగు. ఎదురుగా సున్నా.

"అయితే కబడ్డీ అంతా నీ మూకుడు చూస్తుందన్నమాట" అన్నాడు కోటిలింగం. "పాపం, దానికీ కాలక్షేపం కావాలిగా."

గవర్రాజుకు టీ తాగేటప్పుడు వెలిసిన ఎరుపు గుర్తొచ్చింది. ఆ వెనకే అట్టపెట్టెలు గుర్తొచ్చాయి. అంత పెద్ద దుకాణంలో పక్కన నలుగురు నిలబడి చూసే చోటు లేకుండా పెట్టెలు ఎందుకు పేర్చినట్టు?

"మావయ్యా, అడ్వాన్సు ఇచ్చేశాను."

"ఇల్లలకగానే పండగ కాదని చెప్పేవాళ్ళు ఎవరూ లేరా నీకు?"

"ఉన్నావుగా నువ్వు. ఒక పూట ఆలస్యంగా వచ్చావు."

గవర్రాజు గడప మీద కూర్చుని చాలాసేపు తోక కొరుక్కున్నాడు. ముప్పై అయిదులో ముసలాళ్ళ సెట్టుకు ముప్పై పోతే అయిదు. చట్రం, కూలి పోను మిగిలేది రెండు. రెండు కుంచాలతో సోమవారం నాటికి మినపప్పు రాదు. పప్పు లేని కొట్టులో టీవీ ఎంత పెద్దదైతే ఏం? అయిదు కుంచాలూ వెనక్కి రావాలి. అడిగితే రావు. నక్క నోటితోనే రప్పించాలి.

మర్నాడు పొద్దున శేషగిరి దుకాణం ముందు బండి ఆగింది. కోటిలింగం వెనకాల గేదె సూరమ్మ, కోడి పుల్లమ్మ, ఆవిడ పిల్లలు ఏడుగురు దిగారు.

"ఇంతమందా!" అన్నాడు శేషగిరి. అతని కళ్ళు అప్పటికే తలలు లెక్కపెడుతున్నాయి.

"పెళ్ళిచూపులకు పెళ్ళికొడుకు ఒక్కడే వస్తే ఏం మర్యాద అన్నా?" అన్నాడు గవర్రాజు. "నేనెలాగూ తీసుకెళ్ళేవాణ్ణే. వీళ్ళే ఒకసారి చూస్తామన్నారు. సూరమ్మ పిన్ని వాళ్ళ పాకలో కూడా ఒకటి పెట్టుకోవాలని ఉందట."

"మేం పదకొండుమందిమి బాబూ" అంది సూరమ్మ. "చిన్నది సరిపోదు."

శేషగిరి నోట్లో నీళ్ళూరాయి. ఒక్కొక్కరినీ కుర్చీలో కూర్చోబెట్టి చూపించాడు. పుల్లమ్మ బావుందంది. సూరమ్మ కుర్చీలో పట్టక, దాని ముందు నిలబడి చూసి చాలా బావుందంది. కోటిలింగం నెమరు వేశాడు.

"బావుంది గాని, మా పాకలో అందరం ఒకచోటే ఎలా కూర్చుంటాం?" అని సూరమ్మ నసిగింది. "ఎక్కడి నుంచి చూసినా ఇలాగే ఉంటుందా?"

"నాకు ఏ అనుమానమూ లేదన్నా" అన్నాడు గవర్రాజు, చీటీ తీసి చూపిస్తూ. "నేను అడ్వాన్సు కూడా ఇచ్చాను. ఆడవాళ్ళు, భయపడుతున్నారు. నువ్వొక మాట గట్టిగా చెప్పావంటే పిన్ని కూడా ఇప్పుడే అడ్వాన్సు ఇచ్చేస్తుంది."

"భయపడేది మేమా?" అని పుల్లమ్మ రెక్క విదిలించబోయి, గవర్రాజు కనుసైగతో ఊరుకుంది.

శేషగిరి ఒకసారి పెట్టెల వంక చూశాడు. పెట్టెలు నిలువెత్తున గట్టిగానే ఉన్నాయి. ఇంకోసారి సూరమ్మ మెడలో వేలాడే వేరుశనగ మూట వంక చూశాడు. మూట కూడా గట్టిగానే ఉంది.

"అమ్మా, ఏ మూల నుంచి చూసినా ఇదే బొమ్మ. ఇసుమంత తేడా వచ్చినా ఈ కుర్రాడి అడ్వాన్సుకు రెట్టింపు వెనక్కిస్తాను. నా తోక మీద ఒట్టు."

"విన్నావా మావయ్యా?"

"విన్నాను" అన్నాడు కోటిలింగం. ఈసారి నెమరు వేయలేదు.

గవర్రాజు సుద్దముక్క తీసి చకచకా నేల మీద గీశాడు. ఇది పొయ్యి, ఇది ఎడమ వరుస, ఇది కుడి వరుస, ఇది గుమ్మం. తెర నుంచి ఎన్ని అడుగులో కొట్టులో కొలిచి తెచ్చాడు. "ఎవరి చోట్లో వాళ్ళు కూర్చోండి."

"అక్కడ పెట్టెలున్నాయి తమ్ముడూ, కదపకండి, విలువైన సరుకు" అంటూ శేషగిరి అడ్డం వచ్చేలోగా సూరమ్మ ఒళ్ళు విరుచుకుంది. అటు పెట్టెలు అటు, ఇటు పెట్టెలు ఇటు దొర్లిపోయాయి. ఒక్కదాంట్లోనూ ఏమీ లేదు.

"తేలిగ్గానే ఉన్నాయి నీ విలువైన సరుకులు" అంది సూరమ్మ.

అందరూ కూర్చున్నారు.

"ఎర్రజట్టు ఏది?" అంది పుల్లమ్మ కుడి వరుస చివర నుంచి. "నాకు రెండు జట్లూ విభూది పూసుకున్నట్టున్నాయి."

"అమ్మా, వాళ్ళు మొహం కడుక్కోలేదా?" అని అడిగింది కోడిపిల్ల.

"నాకు కూతకు వెళ్ళినవాడు కనిపిస్తున్నాడు" అన్నాడు కోటిలింగం గుమ్మం పక్క నుంచి. "పట్టుకునేవాళ్ళు పొగలో ఉన్నారు."

శేషగిరి గొంతు సవరించుకున్నాడు. "కొత్తలో అలాగే ఉంటుంది. రెండు రోజులు చూస్తే కళ్ళు సర్దుకుంటాయి."

"ఇరవై ఆరు జతల కళ్ళు సర్దుకోవాలా, ఒక్క టీవీ సర్దుకోవాలా?" అన్నాడు గవర్రాజు.

"పోనీ మీ కొట్టులో మధ్యన కూర్చోబెట్టుకో."

"మధ్యన నూనె కాగుతుంటుంది అన్నా. నువ్వొచ్చి కూర్చుంటావా?"

శేషగిరి కాలికి తగిలిన పెట్టెను పక్కకు తోశాడు.

"మరి ఆ ముసలాళ్ళ సెట్టు వేసి చూపించు" అన్నాడు గవర్రాజు.

యాభై అయిదు అంగుళాల తెర వెలిగింది. దీని తెర రకమే వేరు. ఎడమ చివర కోటిలింగానికి ఎరుపు ఎరుపుగా ఉంది. కుడి చివర పుల్లమ్మకూ అంతే. గవర్రాజు రెండు వరుసల్లోనూ ఒక్కో చోటా ఆగి, మొత్తం ఇరవై ఆరు చోట్ల నుంచి చూశాడు. కోతి నవ్వితే నవ్వనీ. దీని అడ్డం నలభై ఎనిమిది అంగుళాలు. అరవై అంగుళాల గోడలో అటు ఆరు, ఇటు ఆరు ఖాళీ. గాలి ఆడడానికి కూడా అదే మంచిది.

"ముప్పై కుంచాలన్నావు" అన్నాడు. "నా అడ్వాన్సు అయిదు. దానికి రెట్టింపు పది. ముప్పైలో పది పోతే ఇరవై. ఇదిగో."

"అది... మాటవరసకు అన్నాను తమ్ముడూ."

"తోకవరసకు కూడా అన్నావు నాయనా" అంది సూరమ్మ. "ఇంతమందిమి విన్నాం. సాయంత్రానికి తోటంతా వింటుంది. ఇక నీ ఇష్టం."

శేషగిరి తన తోక ఒళ్ళోకి తీసుకుని ఒకసారి నిమురుకున్నాడు. తర్వాత ఇరవై కుంచాలు కొలిపించుకుని చీటీ చింపేశాడు. సూరమ్మ మెడలో మూట విప్పకుండానే బండి వెనకాల నడిచింది. పెట్టెలు చెల్లాచెదురుగా పడి ఉన్న దుకాణంలో, పెద్ద తెర ఎదురుగా, కుర్చీలో నక్క ఒక్కడే మిగిలాడు. అక్కడి నుంచి బొమ్మ అద్భుతంగానే ఉంది. కొనేవాళ్ళే లేరు.

పదిమంది చూసే వస్తువును పదిమంది కూర్చునే చోటి నుంచి చూసి కొనాలి.

గవర్రాజు చేతిలో ఇంకా పదిహేను కుంచాలున్నాయి. ఇనపచట్రానికి రెండు, గోడకు చిల్లులు వేసే వడ్రంగిపిట్టకు ఒకటి, మిగతా పన్నెండుకూ మినపప్పు. మధ్యాహ్నానికల్లా వడ్రంగిపిట్ట వచ్చి గోడ మీద వాలి, ముక్కు పదును చూసుకుంది.

"ఎంత ఎత్తున వేయమంటావు?"

గవర్రాజు దగ్గర దానికీ ఒక లెక్క ఉంది, కాగితం మీద రాసి పెట్టుకున్నాడు. కాగితం మడిచి జేబులో పెట్టేసి, కోడిపిల్లల వైపు తిరిగాడు.

"ముందు మీరు నేల మీద కూర్చోండి" అని, సుద్దముక్క చెవి వెనక దోపుకుని గోడ ఎక్కసాగాడు. "ఎక్కడ ఆగమంటారో చెప్పండి."