కొత్త సెన్సర్, పాత కాలు

కోదండపాణి గారి కారు గోడను గుద్దుకోవడానికి కారణం నేను. ఆయన భార్య రుక్మాంబ గారి చెయ్యి విరగడానికి కూడా నేనే. ఆ రోజు కారులో ఏ లోపమూ లేదు.

నెల్లూరులో నాకు కార్ల మరమ్మతు షెడ్డు ఉంది. కోదండపాణి గారు సర్వేయరుగా చేసి రిటైరయ్యారు. ఆయనది ఇరవై రెండేళ్ల నాటి ఫ్యూయల్ ఇంజెక్షన్ కారు. ఇంజనులోకి ఎంత గాలి పోతోందో కొలిచే సెన్సర్ మసిబారి, ఉన్నదానికంటే తక్కువ చూపించేది. దాంతో పెట్రోలు చాలినంత అందక, కదిలేటప్పుడు బండి మొరాయించేది. నేను దాన్ని తీసేసి, మెరుగైన కొత్త రకం అమర్చి, కారు కంప్యూటర్‌ను దానికి తగ్గట్టు సరిచేశాను. నాలుగు కిలోమీటర్లు స్వయంగా నడిపి చూశాను. యాక్సిలరేటర్ మీద కాలు ఆనిస్తే చాలు, కదిలింది.

తాళం తీసుకోబోతూ ఆయన, ఈ బండితో తనకు కొన్ని అలవాట్లున్నాయని ఏదో చెప్పబోయారు. "మా ఆయన నా మాటకంటే దీని మూలుగే శ్రద్ధగా వింటారమ్మా," అన్నారు రుక్మాంబ గారు. బయట మరో రెండు కార్లు నా కోసం ఆగి ఉన్నాయి.

"ఇక మీరు వినాల్సిందేమీ లేదండీ, కొత్త కారనుకోండి," అని తాళం ఆయన చేతిలో పెట్టేశాను.

ఆ అలవాటేమిటో తర్వాత తెలిసింది. క్లచ్ వదులుతూ యాక్సిలరేటర్‌ను సగానికి పైగా తొక్కేవారు. అంత తొక్కితేగానీ ఆ కారు కదిలేది కాదు. ఆ రోజు ఇంటికి వెళ్తూ తమ వీధి మలుపులో ఆగి, మళ్లీ కదలబోతూ అలాగే తొక్కారు. కారు ఒక్కసారిగా దూకి ఎదుటి గోడను గుద్దింది.

ఆ వారంలోనే రహమతుల్లా మాస్టారి దగ్గరికి వెళ్లాను. పాలిటెక్నిక్‌లో నాకు ఇంజను విప్పడం నేర్పింది ఆయనే. రిటైరయ్యాక కూడా ఇంటి వెనక వర్క్‌షాపులో నేర్పుతూనే ఉన్నారు. ఎవరేమడిగినా జవాబు చెప్పకుండా ఏదో ఒక పని పురమాయిస్తారు.

"సెన్సర్ సరైనదే. బిగించడమూ సరిగ్గానే బిగించాను. నడిపి కూడా చూశాను. ఇందులో నా తప్పెక్కడుంది మాస్టారూ?" అని అడిగాను. లేదనిపించుకోవడానికే అడిగాను.

ఆయన చేతిలోని పని ఆపకుండా, సామాన్ల గదిలోంచి టార్చిలైటు తెమ్మన్నారు.

ఆ గది తలుపు సంగతి నాకు చదువుకునే రోజుల నుంచీ తెలుసు. ఉబ్బిపోయి గడపకు పట్టేసేది. ఒక అడుగు వెనక్కి వేసి భుజంతో గుద్దితేగానీ తెరుచుకోదు. అలాగే గుద్దాను. తలుపు చప్పుడైనా లేకుండా తెరుచుకుంది. నేను పోయి లోపల పాత ఆయిలు ట్రేలో రెండు చేతులూ పెట్టి పడ్డాను. మోకాలు చెక్కుకుపోయింది.

మాస్టారు గుమ్మం దాకా వచ్చి నిలబడ్డారు. నవ్వలేదు.

"తలుపుకు మొన్న చిత్రిక పట్టించానమ్మా హైమా," అన్నారు. "నీ భుజానికి చెప్పలేదు."

చేతులు తుడుచుకోవడానికి ఒక గుడ్డ ఇచ్చి, తన పనికి తాను వెళ్లిపోయారు. టార్చిలైటు మాట మళ్లీ ఎత్తలేదు.

అటునుంచి అటే కోదండపాణి గారింటికి వెళ్లాను. కారు బాగుచేసి తెస్తాను, పక్కన నేను కూర్చుంటాను, మైదానంలో నాలుగు చుట్లు తిప్పండి, కాలికి కొత్త లెక్క అదే తెలుస్తుంది అన్నాను. తప్పు నాదని కూడా చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు. కట్టుతో ఉన్న భార్య చేతిని చూస్తూ, వయసు మీద పడిందమ్మా, కాలు స్వాధీనంలో లేదు అన్నారు. రుక్మాంబ గారు కూడా బతిమాలారు. ఆయన మళ్లీ స్టీరింగు పట్టలేదు. తన కాలే మోసం చేసిందని పోయేదాకా నమ్మారు.

అప్పటి నుంచి, నేను ఏ భాగం మార్చినా, బండి గలాయన నడపాలి, పక్కన నేను కూర్చోవాలి. ఆయన చెప్పేదంతా విన్నాకే తాళం ఇస్తాను. తొందరగా ఉందన్నవాళ్లను మర్నాడు రమ్మంటాను. పదకొండేళ్లయింది. ఇంతవరకు ఒక్కరికీ సడలించలేదు.