గోడకు ఎంత దూరం

ఓబులేసు రెండు రోజులుగా అన్నం సరిగా తినడం లేదు. కారణం, నాలుగు వేళ్ళ వెడల్పున్న ఒక సైలెన్సర్ పైపు ముక్క. దాన్ని కోసింది తనే.

పైపు కుళ్ళాయప్పది. కదిరి దగ్గర కొండ మీద ఆదివారం జరిగే మట్టిదారి పోటీకి అతను తన పాత టూ-స్ట్రోక్ బండిని సిద్ధం చేసుకుంటున్నాడు. కిందటేడు సగం కొండలో బండి ఆగిపోయి వెనక్కి దొర్లాడు. ఈసారి ఎట్లాగైనా పైదాకా ఎక్కాలని పంతం. ఆ రకం పైపులు ఇప్పుడెక్కడా దొరకవు. "నీ చేతిలో పెడతాండా, ఓబులేసూ" అని బండి వదిలి వెళ్ళాడు.

దస్తగిరి సాహెబు షెడ్డులో ఓబులేసు ఏడేళ్ళుగా పని నేర్చుకుంటున్నాడు. కొత్త సామాను కొనకుండా, తుక్కులో దొరికిన ముక్కలతోనే బండికి బలం పెంచుతాడని సాహెబుకు ఆ చుట్టుపక్కల పేరుంది. ఓ బండిని పూర్తిగా తన మీదే వదలడం ఓబులేసుకు ఇదే మొదటిసారి. దాంతో కాస్త కొమ్ములు మొలిచాయి. పైపు పొట్టిదైతే బండి బాగా పరిగెడుతుందని ఎక్కడో విన్నాడు. ఇంకేం, కోశాడు, అతికాడు, హైవే మీద తోలాడు. బండి కేకపెట్టి దూసుకుపోయింది. ఆ చప్పుడుకే మురిసిపోయి, పని అయిపోయిందనుకున్నాడు. పోటీ జరిగేది హైవే మీద కాదన్న సంగతి ఆ పూట మహానుభావుడికి తోచలేదు.

మర్నాడు ఊరి వెనక గుట్ట ఎక్కించాడు. కాస్త దూరం పోయాక బండి దగ్గింది. గుక్క తిప్పుకోలేక ఆగిపోయింది. కార్బురేటర్ విప్పి శుభ్రం చేశాడు, ప్లగ్గు మార్చాడు. మళ్ళీ అదే దగ్గు. కుళ్ళాయప్ప ఫోన్ చేస్తే "అయిపోవచ్చిందిలే అన్నా" అన్నాడు. ఆ అబద్ధం చెప్పినప్పటి నుంచే ముద్ద గొంతు దిగడం మానేసింది.

శుక్రవారం పొద్దున సాహెబు ముందు నిలబడ్డాడు.

"ఉస్తాద్, పైపు చెడగొట్టినా."

సాహెబు టీ గ్లాసు కింద పెట్టి, బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. అతికిన చోట బొటనవేలితో రాసి చూశాడు.

"గట్టిగానే అతికినావే" అన్నాడు.

నాలుగు తిట్టి ఉంటే ఓబులేసుకు తేలికగా ఉండేది.

సాహెబు ఇంట్లోకి పోయి, మనవరాలు ఆడుకునే రబ్బరు బంతి తెచ్చాడు. ఓబులేసును షెడ్డు గోడకు ఆరడుగుల దూరంలో నిలబెట్టాడు.

"గోడకు కొట్టు. అది తిరిగొచ్చే లోపల రెండు చప్పట్లు కొట్టి పట్టుకో."

ముప్ఫై ఏళ్ళ మనిషి, దారిన పోయేవాళ్ళు చూస్తుండగా, చిన్నపిల్లల ఆట. ఓబులేసు సిగ్గుపడుతూనే విసిరాడు. గబగబా రెండు చప్పట్లు కొట్టాడు. బంతి దొరికింది.

"హైవే మీద ఇంజిన్ అట్ల కొడతాది" అన్నాడు సాహెబు. "ఇప్పుడు కొండ ఎక్కుతాండావు. నిదానంగా కొట్టు."

నిదానంగా కొట్టాడు. రెండో చప్పట పడకముందే బంతి వచ్చి రొమ్ముకు తగిలింది. ఇంకోసారి విసిరితే ముక్కుకు తగిలింది.

టూ-స్ట్రోక్ బండిలో పొగ బయటికి పోయి ఊరుకోదు. దాని తోపుడు పైపు చివరిదాకా పోయి వెనక్కి వస్తుంది. వచ్చి, బయటికి జారిపోతున్న పెట్రోలును మళ్ళీ ఇంజిన్‌లోకి నెడుతుంది. ఈ సంగతి ఓబులేసుకు ఏడేళ్ళుగా తెలుసు. అడిగితే గడగడా ఒప్పజెప్పేవాడు కూడా. పైపు పొట్టిదై ఆ తోపుడు వేళకు ముందే వచ్చేస్తే ఏమవుతుందో మాత్రం ముక్కుకు తగిలాకే తెలిసింది.

రెండడుగులు వెనక్కి వేశాడు. ఇంకో అడుగు. బంతి విసిరి, నిదానంగా రెండు చప్పట్లు కొట్టి, చేతులు చాచాడు. బంతి వచ్చి చేతుల్లో పడింది.

బంతి పట్టుకునే బండి వైపు తిరిగాడు.

"కోసిన ముక్క మళ్ళీ అతికితే సరిపోతాదా, ఉస్తాద్?"

"నన్నడిగితే ఏం లాభం? గుట్టనడుగు."

తుక్కు కుప్పలో పాత నీళ్ళ మోటారు గొట్టం ముక్క ఒకటి దొరికింది. ఓబులేసు తన అతుకును తనే కోసేసి, రెండు కొసల మీదుగా ఆ ముక్కను తొడిగాడు. వెల్డింగ్‌తో అతకలేదు. ముందుకీ వెనక్కీ జరుపుకునేలా మరలు బిగించే క్లాంపులు వేశాడు. వేలి వెడల్పంత జరపడం, గుట్ట ఎక్కడం, దిగడం, మళ్ళీ వేలి వెడల్పంత జరపడం. నాలుగు వేళ్ళకు, అంటే పైపు మొదటి పొడవుకు, బండి ఎక్కింది గానీ ఒకచోట చిన్నగా దగ్గింది. అయిదో వేలుకు దగ్గు లేదు. ఎక్కడా ఆగకుండా, పెద్దగా అరవకుండా, అతన్ని గుట్ట కొసకు తీసుకెళ్ళి నిలబెట్టింది.

ఓబులేసు పైన బండరాయి మీద కూలబడి ఒక్కడే నవ్వుకున్నాడు. రెండు రోజుల తర్వాత అప్పుడు ఆకలి వేసింది.

సాయంత్రం కుళ్ళాయప్ప వచ్చి తనే గుట్ట ఎక్కి దిగాడు. మొహం వెలిగిపోతోంది.

"పోయినేడు ఇంత బాగ ల్యాకుండె. ఏం జేసినావప్పా?"

"పైపు తప్పు కోసినా అన్నా. పోటీకి పనికి రాకుండా చేసినా. ఫోన్లో నీకు అబద్ధం జెప్పినా. ఈ పొద్దు సరిచేసినా."

కుళ్ళాయప్ప మొహంలో వెలుగు కాస్త తగ్గింది. వంగి క్లాంపులు కదిపి చూశాడు.

"కొండ మీద ఇవి నిలబడవు, అతకాల. సాబ్, ఈసారి మీ చేత్తో మీరే అతకండి. నాకు ధైర్యంగా ఉంటాది."

ఓబులేసు తల వంచుకుని పక్కకు తప్పుకున్నాడు.

సాహెబు వెల్డింగ్ గన్ను తీశాడు. దాన్ని ఓబులేసు చేతిలో పెట్టాడు.

"దీన్ని తప్పు కోసినోడు వాడొక్కడే గదప్పా" అన్నాడు కుళ్ళాయప్పతో. "వానికంటే జాగర్తగా అతికేటోడు నీకు యాడ దొరుకుతాడు?"