ఆరు నెలల గడువు

స్త్రీల వ్యాధుల వైద్యురాలు డాక్టర్ సుభద్రాదేవి గారికి ఒక అలవాటు ఉండేది. శిష్యులు ప్రశ్న అడిగితే ఆమె పుస్తకంలో పేజీ చెప్పేవారు కాదు, ఒక మనిషి పేరు చెప్పేవారు.

ఒక మధ్యాహ్నం, రోగులందరూ వెళ్ళిపోయాక, ఆమె దగ్గర కొత్తగా చేరిన షాహీన్ ఒక రిపోర్టు పట్టుకుని వచ్చింది. ఎవరో ఒకావిడ గర్భసంచి ముఖద్వారం నుంచి తీసిన కణాలలో స్వల్పమైన తేడా ఉందని అందులో రాసి ఉంది.

"మేడమ్, ఇలాంటి చిన్న తేడాలు చాలామందిలో వాటంతటవే సర్దుకుంటాయి. ఆరు నెలలాగి రమ్మంటే సరిపోతుంది కదా. వైరస్ పరీక్ష కూడా ఎందుకు రాయమంటారు? ఆ మాట వింటేనే హడలిపోతారు," అంది.

"ఆత్రేయపురంలో సత్యవేణి అని ఒకావిడ ఉంది," అని మొదలుపెట్టారు సుభద్రాదేవి గారు.

సత్యవేణి పూతరేకులు చేస్తుంది. బోర్లించిన వేడి కుండ మీద పిండిలో ముంచిన గుడ్డను ఒక్క ఊపున లాగి, కాగితం కన్నా పలచటి రేకు తీయడంలో ఆ వీధిలో ఆమెకు సాటి లేరు. నలభై మూడో ఏట ఒక ఆసుపత్రి వాళ్ళ వైద్య శిబిరంలో పరీక్ష చేయించుకుంటే ఇలాంటి తేడాయే వచ్చింది. వైరస్ పరీక్ష ఆ ఆసుపత్రికి అప్పటికింకా రాలేదు. బయట వరుస పెద్దదిగా ఉంది. డాక్టరుగారు తొందరలో, "చిన్న తేడా ఉందమ్మా, కంగారేం లేదు. ఆరు నెలలు చూద్దాం," అని చీటీ రాసి పంపేశారు.

సత్యవేణి చెవిలో పడింది ఆరు నెలలన్న మాట ఒక్కటే. బస్టాండులో భర్త సూర్రావు ఏమన్నారని అడిగితే, ఏం లేదన్నారని చెప్పింది. ఇంటికెళ్ళి కాలెండరు తిప్పి చూసుకుంది. శ్రావణం దాకా ఉంటానన్నమాట, అనుకుంది.

ఆ వారమే పట్టుచీరలు రెండూ కోడలికిచ్చేసింది. ఇరవై ఏళ్ళుగా ఎవరికీ చెప్పని పిండి పాళ్ళు ఆ పిల్లను దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పింది. తొమ్మిదేళ్ళుగా మాటల్లేని చెల్లెలు వీరవేణి ఇంటికి వెళ్ళి, గుమ్మంలో నిలబడి, "అన్నం పెడతావా?" అని అడిగింది. భోజనాలయ్యాక సంగతంతా ఆమె ఒక్కదానికే చెప్పింది. ఇవేవీ తెలియని సూర్రావు, తన భార్యకు ఇంత నెమ్మదితనం ఎలా వచ్చిందా అని మురిసిపోయాడు. ఆమె అందరి ముందూ నవ్వుతూనే తిరిగేది. కుండ ముందు కూర్చుంటే మాత్రం రేకు చిరిగిపోయేది. చిరిగిన రేకులు కోడలి కంట పడకుండా పొయ్యిలో వేసేసేది.

గడువు నిండిన రోజున, తలలో కనకాంబరాలు పెట్టుకుని, చెల్లెలిని తోడు తీసుకుని ఆసుపత్రికి వచ్చింది.

"ఆరు నెలలన్నారు కదండీ. ఇవాళ్టితో అయిపోయాయండి. నేనింకా ఉన్నానండి. ఏం చెయ్యమంటారు?" అని అడిగింది.

డాక్టరుగారికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక, లేచి వచ్చి ఆమె పక్కన బల్ల మీద కూర్చున్నారు. తప్పు తనదేనని చెప్పారు. వైరస్ పరీక్ష అప్పటికి వచ్చింది. ఈ తేడా ముదరడానికి కారణమయ్యే వైరస్ ఒకటుందనీ, అది లేకపోతే దిగులు పడనక్కర్లేదనీ, ఉంటే పెద్దదిగా చూపే అద్దం పెట్టి దగ్గరగా చూస్తామనీ వివరించి పరీక్ష చేశారు. పది రోజులకు ఫలితం కోసం ఇద్దరూ మళ్ళీ వచ్చారు. వైరస్ లేదు. ఇక మామూలుగా కొన్నేళ్ళకోసారి వస్తే చాలు.

సత్యవేణి అంతా విని, "అయితే కోడల్ని నా చీరలు ఎలా అడగనండీ?" అంది. వీరవేణి నవ్వాపుకోలేక వరండాలోకి వెళ్ళిపోయింది.

ఆ నవ్విన మనిషినే డాక్టరుగారు వెనక్కి పిలిచి, నువ్వూ పరీక్ష చేయించుకో అన్నారు. ఆమెకీ అచ్చం అక్కకొచ్చిన తేడాయే వచ్చింది. వైరస్ పరీక్ష కూడా చేస్తే, ఉందని తేలింది. వీరవేణి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"నేనేం తప్పు చేశానండీ?"

"తప్పుతో దీనికి పనిలేదమ్మా. కాపురం చేసే ఆడవాళ్ళలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు వచ్చి పోయేదే. నీకింకా పోలేదు. ఎప్పుడొచ్చిందో ఎవరూ చెప్పలేరు. ఇది క్యాన్సరని కాదు. మంగళవారం రా, దగ్గరగా చూద్దాం."

సత్యవేణి చెల్లెలి చేయి పట్టుకుంది. "నీకు మంగళవారం అని చెప్పారే. ఎందుకో కూడా చెప్పారు. ఇంక ఏడుపెందుకు?"

మంగళవారం అద్దంతో చూస్తే చిన్న మచ్చ కనిపించింది. ముక్క తీసి పరీక్షకు పంపారు. ముదరకముందే ఆ మేరకు తీసేశారు. నెల తిరిగేసరికి వీరవేణి అక్క పక్కన కూర్చుని, బెల్లంపొడి చల్లి రేకులు మడతపెడుతూ, సూర్రావు మీద హాస్యాలాడుతోంది.

సుభద్రాదేవి గారు అక్కడితో ఆపారు. షాహీన్ చేతిలోని రిపోర్టును మరోసారి చదివింది.

"అయితే మేడమ్, ఆ ఆరు నెలలూ సత్యవేణికి ఏ జబ్బూ లేనట్టే కదా?"

"లేదమ్మా," అన్నారామె. "కానీ అప్పుడు ఆ సంగతి ఆవిడకీ తెలియదు, ఆ చీటీ రాసిన నాకూ తెలియదు."