సముద్రానికి అలలు ఎందుకొచ్చాయి

ఒకప్పుడు సముద్రానికి అలలు లేవు. పళ్లెంలో పోసిన నీళ్లలా కదలకుండా పడి ఉండేది. ఏదైనా అందులో పడిందంటే అందులోనే ఉండిపోయేది.

ఆ ఒడ్డున నూకరత్నం అనే జాలరామె ఉండేది. మొగుడు పొద్దున్నే పడవ మీద వేటకు వెళ్లేవాడు. ఆమె ముందురోజు చేపలకు ఉప్పు రాసి, ఇసుక మీద పరిచి ఎండబెట్టేది. పక్కనే కూతురు పైడి. దానికి తొమ్మిదో నెల. పాకడం వచ్చింది. విసరడం అంతకంటే బాగా వచ్చింది.

ఒకరోజు పైడి చేతికి కొబ్బరిచిప్ప గరిటె దొరికింది. ఇంట్లో ఉన్న గరిటె అదొక్కటే. పైడి దాన్ని నీళ్లలోకి విసిరి తల్లి వైపు చూసింది.

నూకరత్నం చీర ఎగదోపుకుని, నీళ్లలోకి దిగి తెచ్చింది. పైడి మళ్లీ విసిరింది. మళ్లీ తెచ్చింది. దాచిపెడితే ఏడుపు. చేతికిస్తే విసురు. ఎండ నెత్తికెక్కింది, సగం చేపలు ఇంకా బుట్టలోనే ఉన్నాయి.

"ఇంక తేలేను. నా నడుం విరిగిపోయింది. నువ్వూ, నీ గరిటే" అని నూకరత్నం అటు తిరిగి చేపలు పరచుకుంటూ కూర్చుంది.

పైడి కాసేపు చూసింది. అమ్మ లేవలేదు. తనే గరిటె కోసం పాక్కుంటూ నీళ్లలోకి వెళ్లిపోయింది.

సముద్రం ఉలిక్కిపడింది. పసిపిల్ల మునిగిపోతోంది. పుట్టి బుద్ధెరిగి ఎన్నడూ కదలని సముద్రం, ఉన్న బలమంతా కూడదీసుకుని ఒక్క తోపు తోసింది. పైడీ, గరిటే వచ్చి పొడి ఇసుక మీద పడ్డాయి.

అదే మొదటి అల.

"పిల్లని చూసుకోవద్దా, నూకరత్నం?" అంది సముద్రం.

నూకరత్నం పరిగెత్తుకొచ్చి పైడిని గుండెలకు హత్తుకుంది. "పొద్దుట్నుంచీ చూస్తూనే ఉన్నాను, గంగమ్మ తల్లీ. ఒక్క క్షణం అటు తిరిగాను."

పైడికి ఇవేవీ పట్టలేదు. తల్లి ఒడిలోంచే గరిటె విసిరింది.

సముద్రం తెచ్చి పడేసింది. పైడి విసిరింది. మళ్లీ తెచ్చింది.

"ఇలా ఎన్నిసార్లు?" అని విసుక్కుంది సముద్రం.

"నేను నలభైసార్లు తెచ్చాను. నీకు మూడోసారికే విసుగొచ్చిందా?" అంది నూకరత్నం.

నాలుగోసారి సముద్రానికి ఒళ్లు మండింది. గరిటెను నురగ కింద దాచేసింది. పైడి అటూ ఇటూ చూసి మూతి ముడిచింది. అది ఏడవబోయేసరికి సముద్రం కంగారుపడి, గరిటెను దాని కాళ్ల దగ్గరే తేల్చింది. పైడి ఎక్కిళ్లు వచ్చేలా నవ్వింది. ఆ నవ్వుకి సముద్రానికి ఒళ్లంతా గిలిగింతలు పుట్టాయి. ఈసారి కావాలనే దాచింది.

"ఏదే గరిటె? గంగమ్మ తినేసిందేటి?" అంటూ నూకరత్నం కూడా కూతురితో కలిసి వెతికింది. ఆ రోజు మొత్తంలో అప్పుడే ఆమెకు కాస్త నవ్వొచ్చింది.

అది ఎంతోసేపు నిలవలేదు. ఆట మోజులో సముద్రం ఎగిరొచ్చి, ఎండబెట్టిన చేపలన్నిటినీ తడిపేసింది.

"ఇంట్లో ఒకత్తి చాలదని నువ్వూ తయారయ్యావా?" అని గొణుక్కుంటూ, నూకరత్నం ఒక్కో చేపనూ ఏరి మెరక మీదికి మోసింది.

పొద్దు వాలేసరికి పైడి తల్లి భుజం మీదే నిద్రపోయింది. అల వచ్చింది.

"పడుకుంది. వెళ్లు" అంది నూకరత్నం.

వెళ్లింది. మళ్లీ వచ్చింది.

"చెప్పాను కదా, పడుకుందని."

"లేచిందేమో చూద్దామని" అంది సముద్రం.

నూకరత్నం తల పట్టుకుంది.

అప్పటినుంచే అల ఒడ్డుదాకా వచ్చి, ఒకసారి చూసి, వెనక్కి పోతోంది. మనం ఏది విసిరినా తెచ్చి మన కాళ్ల దగ్గరే పడేస్తోంది. ఎన్నిసార్లు వెళ్లమన్నా మళ్లీ వస్తూనే ఉంది.